రేచీకటి రద్దు

వీరగిరి జిల్లాలో రేచీకటి అనే జబ్బు ఆగస్టు పదిహేనో తేదీ ఉదయం, జెండా వందనం తర్వాత, లడ్డూల పంపకానికి ముందు రద్దయింది. రద్దు చేసినవారు జిల్లా పోషకాహార సమన్వయాధికారి పరాంకుశరావు గారు. మైకు ముందు నిలబడి, ఈ క్షణం నుంచి జిల్లాలో రేచీకటి రోగి ఒక్కరు కూడా లేరని ప్రకటించుటకు గర్విస్తున్నానని ఆయన అన్నారు. మైదానంలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. గుమ్మగూడ గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ రమణకుమారి కూడా కొట్టింది. తర్వాత నాట్యం చేయవలసింది ఆమె హాస్టల్ పిల్లలే. వాళ్ళ జడలు ఊడిపోకుండా ఉంటే చాలన్న ధ్యాసలో, రద్దయినదేమిటో కూడా ఆమె సరిగ్గా వినలేదు.

అంత పాత జబ్బును అంత సులువుగా ఎలా తీసేశారన్నది నెమ్మదిగా అందరికీ తెలిసింది. పరాంకుశరావు గారికి ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ప్రతి ఏడూ విటమిన్ ఏ మందు తెప్పించి కొండ మీది ఊళ్ళకు పంచేవారు. ఈయన వచ్చి ఒక విషయం కనిపెట్టారు. మందు ఎక్కడికి ఎక్కువగా వెళుతోందో అక్కడే రోగులు కూడా ఎక్కువగా ఉన్నారు. కనుక రోగాన్ని ఊరూరా మోస్తున్నది మందేనని తేల్చి, దాన్ని ఆపేశారు. మందు దొరకనప్పుడు ఆస్పత్రికి వెళ్ళి ఏం లాభమని జనం వెళ్ళడం మానేశారు. ఆస్పత్రికి ఎవరూ రాలేదు కాబట్టి రోగులు లేరు. మిగిలిన సీసాలను, మన జిల్లాకు వీటి అవసరం లేదన్న ఉత్తరంతో సహా రాష్ట్ర గిడ్డంగికి తిప్పి పంపారు. ఆ ఉత్తరానికి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

పరాంకుశరావు గారికి ఇంకో పట్టింపు ఉంది. అది కొవ్వు. అంతకు కొన్నాళ్ళ ముందు ఆయన పట్నం వెళ్ళి పొట్టకు ఆపరేషన్ చేయించుకున్నారు. డాక్టర్లు కడుపు సంచిని చిన్నది చేసి, పేగుల్లో కొంత భాగాన్ని పక్కకు తప్పించి కుట్టారు. ఆయన బాగా చిక్కారు. తాను చిక్కిన మనిషికి లోకమంతా బలిసినట్టు కనిపిస్తుంది కాబోలు, వెంటనే ‘కొవ్వు రహిత వీరగిరి’ ఉద్యమం మొదలుపెట్టారు. హాస్టళ్ళకు నూనె సరఫరా నిలిచిపోయింది. పాలు మీగడ తీసి పోయాలి. గుడ్డు ఉడికించి పచ్చసొన తీసేసి తెల్లసొన మాత్రమే వడ్డించాలి. తాలింపు నిషేధం. కళ్ళకు మంచిదని మాత్రం కేరట్ రోజూ నీళ్ళలో ఉడికించి పెట్టాలి.

రమణకుమారి హాస్టల్లో ఒళ్ళు చేసిన పిల్ల ఒక్కతీ లేదు. చొక్కా విప్పితే పక్కటెముకలు కనిపించే పిల్లలే అందరూ. ఆ సంగతి ఆమె ఒక సమావేశంలో లేచి చెప్పబోయింది. విధాన నిర్ణయాలయందు వ్యక్తిగత పక్కటెముకలను ప్రస్తావించుట సముచితం కాదని పరాంకుశరావు గారు ఆమెను కూర్చోబెట్టారు. వంటమనిషి తవిటమ్మ పచ్చసొనలన్నీ ఒక గిన్నెలోకి తీసి, నిబంధన ప్రకారం పెరటి గోడ అవతల పారేసేది. కొద్దినెలల్లో ఆ గోడ అవతలి కుక్కలు నిగనిగలాడుతూ, అర్ధరాత్రి కూడా ఎలుకను గురి తప్పకుండా పట్టేవిగా తయారయ్యాయి.

పిల్లల సంగతి కార్తీకంలో బయటపడింది.

హాస్టల్లో పిల్లలు ‘రైలాట’ అని ఒకటి ఆడుతున్నారు. సాయంత్రం కుళాయి దగ్గరికి, అక్కణ్ణుంచి భోజనాల గదికి, ఒకరి గౌను ఒకరు పట్టుకుని వరసగా వెళతారు. ముందు ఇంజన్‌గా ఉండేది సన్నమ్మ. నాలుగో తరగతి. కొండ మీది ఊరి నుంచి వచ్చింది. మనుషుల నడకలను అచ్చం వాళ్ళలాగే నడిచి చూపించే పిల్ల. తనిఖీకి వచ్చే అధికారి పొట్ట ముందుకు పెట్టుకుని ఎలా నడుస్తాడో ఆమె చేసి చూపిస్తే తవిటమ్మ కూడా గరిటె వదిలి నవ్వేది. ఆ ఆట రమణకుమారికి ముద్దుగానే ఉండేది. ఒక సాయంత్రం ఇంజన్ కూత వేసుకుంటూ వచ్చి వరండా స్తంభానికి నేరుగా గుద్దుకుంది. వెనక పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. అందరూ నేల తడుముకుంటూ లేస్తున్నారు.

రమణకుమారి సన్నమ్మ నుదుటి మీది బొప్పికి తడిగుడ్డ వేస్తూ, స్తంభం కనపడలేదా అని అడిగింది.

"పొద్దు గూకితే మా కళ్ళు కూడా గూకిపోతన్నాయి అమ్మగోరూ" అంది సన్నమ్మ. "దారి నాను అడుగులెక్కెట్టుకున్నాను. అందుకే నన్ను ముందెట్టినారు. ఇయ్యాల లెక్క తప్పిపోనాది."

మర్నాడు రమణకుమారి సన్నమ్మనూ ఇంకో నలుగురినీ వెంటబెట్టుకుని పక్క ఊరి ప్రభుత్వాస్పత్రికి వెళ్ళింది. డాక్టర్ అప్పలసూరి మంచివాడు. అంతకు మించి భయస్థుడు. టార్చి వేసి పిల్లల కళ్ళు చూశాడు. తెల్లగుడ్డు మెరుపు పోయి బూజు పట్టినట్టుంది. నల్లగుడ్డు పక్కన, సబ్బు నురగ ఎండిపోయినట్టు చిన్న మచ్చ. ఆయన లేచి వెళ్ళి గది తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

కంటి వెనక పొరలో మసక వెలుతురును పట్టుకునే రంగు పదార్థం ఒకటి ఉంటుందట. వెలుతురు తగిలినప్పుడల్లా అది చెదిరిపోతుంది. మళ్ళీ తయారవ్వాలంటే విటమిన్ ఏ కావాలి. ఒంట్లో అది నిండుకుంటే చీకటి పడగానే కన్ను వట్టిపోతుంది. రోజూ కేరట్ పెడుతూనే ఉన్నాము కదండీ అని రమణకుమారి అడిగింది. కేరట్‌లోని సరుకు నూనెతో, కొవ్వుతో కలిసి ఒంటికి పట్టేదని, చుక్క నూనె లేకుండా బకెట్లకొద్దీ పెట్టినా చాలావరకు వచ్చిన దారినే పోతుందని ఆయన చెప్పాడు. కాలేయంలో కొన్ని నెలలకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారట. ఇప్పుడు ఆ నిల్వ కూడా అయిపోయింది.

"ఇంకా ఆలస్యమైతే, కన్ను ఎండిపోతుందమ్మా" అన్నాడు. "నల్లగుడ్డు మెత్తబడి చితికిపోతుంది. ఈలోపు ఏ తట్టో, విరేచనాలో వచ్చాయంటే రోజుల్లోనే అయిపోతుంది. అప్పుడిక పగలు కూడా కనపడదు."

అయితే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, మందు తెప్పించుకుంటానని ఆమె అడిగింది. డాక్టర్ కలం తీశాడు. కాసేపు కాగితం కేసి, కాసేపు గోడ మీది ‘రేచీకటి రహిత వీరగిరి’ బొమ్మ కేసి చూశాడు. చెమట తుడుచుకున్నాడు. లేదని ప్రభుత్వం చెప్పిన జబ్బును ఉందని రాస్తే అది వైద్యం కిందికి రాదు, ధిక్కారం కిందికి వస్తుందని గొణిగాడు. చివరికి ‘వెలుతురు లోపం’ అని రాసి ముద్ర వేశాడు.

"పిల్లల్లో లోపం ఉందని రాస్తే నా ఉద్యోగానికి లోపం వస్తుంది. ఇదైతే ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నాడు.

రమణకుమారికి ఒళ్ళు మండింది. కానీ ఏదో ఒక కాగితం పైకి వెళితే ఎవరో ఒకరు వచ్చి చూడకపోతారా అనుకుని దాన్నే పంపింది.

వచ్చారు. పరాంకుశరావు గారికి ఆ కాగితం ఎంతో నచ్చింది. లోపం పిల్లలది కాదు, వెలుతురుది. వెలుతురు పోషకాహార శాఖ పరిధిలోనిది కాదు. వెంటనే విద్యుత్ శాఖకు రాసి గుమ్మగూడ హాస్టల్‌కు నలువైపులా నాలుగు పెద్ద దీపస్తంభాలు పెట్టించారు. వాటిని ఆయనే స్వయంగా వచ్చి ప్రారంభించారు. మధ్యాహ్నం పూట, నెత్తిన ఎండ కాస్తుండగా, మీట నొక్కి, సన్నమ్మను పిలిచి తన చేతి వేళ్ళు ఎన్నో చెప్పమన్నారు. సన్నమ్మ మూడు అంది. దీపకాంతి ఫలితాలు ఆశాజనకంగా ఉన్నవని ఆయన పక్కనున్న గుమాస్తాకు చెప్పారు. చీకటి పడేదాకా ఉండి చూడమని రమణకుమారి బతిమాలింది. ఎందుకో గాని ఆయన పొద్దు వాలకముందే ఇల్లు చేరాలని తొందరపడ్డారు. కారు ఎక్కుతూ డ్రైవర్ భుజం పట్టుకున్నారు.

దీపాలు పెట్టిన నాటి నుంచి అడవిలోని పురుగులన్నీ హాస్టల్‌కు మకాం మార్చాయి. అన్నంలో పురుగులు, పక్కల్లో పురుగులు. కిటికీల్లోంచి కొట్టే వెలుతురుకు పిల్లలకు నిద్ర కరువైంది. వెలుతురు పడిన మేర నడవగలుగుతున్నారు, గోడ నీడలోకి వెళ్ళగానే ఆగిపోతున్నారు. గాలికి కరెంటు పోయినప్పుడల్లా హాస్టల్ అంతా ఎక్కడివాళ్ళు అక్కడే కూలబడేవాళ్ళు. రమణకుమారి మళ్ళీ రాసింది. ఈసారి ఉత్తర్వు వచ్చింది.

"చీకటి పడు సమయమందు విద్యార్థినులు మెలకువతో ఉండుట వలననే చూపునకు సంబంధించిన ఫిర్యాదులు ఉత్పన్నమగుచున్నట్లు ఈ కార్యాలయము గుర్తించినది. కావున ఇకమీదట అన్ని వసతిగృహములందు సంధ్యా నేత్ర విశ్రాంతి అమలుపరచవలెను. సూర్యాస్తమయమునకు పూర్వమే భోజనము ముగించి విద్యార్థినులందరు కన్నులు మూసికొనవలెను. కన్నులు మూసికొన్నదియు లేనిదియు వార్డెన్లు స్వయముగా ధ్రువీకరించవలెను."

అది వచ్చిన మర్నాటి నుంచి వీరగిరి జిల్లా హాస్టళ్ళలో సాయంత్రం అనేది లేకుండా పోయింది. పిల్లలు మధ్యాహ్నం ఎండలోనే రాత్రి భోజనం చేసేవాళ్ళు. కిటికీ ఊచల మీద ఇంకా ఎండ పచ్చగా ఉండగానే పక్కల మీద పడుకుని కళ్ళు గట్టిగా మూసుకునేవాళ్ళు. రమణకుమారి వరసల మధ్య తిరుగుతూ ఎవరి రెప్పలు అదురుతున్నాయో చూడాలి. చీకట్లో పిల్లలు పడిపోతున్నారన్న ఫిర్యాదులు నిజంగానే ఆగిపోయాయి. పక్క జిల్లా అధికారులు వచ్చి ఈ పద్ధతిని చూసి రాసుకుని వెళ్ళారు.

ఒకరోజు అలా తిరుగుతుండగా సన్నమ్మ కళ్ళు మూసుకునే, "అమ్మగోరూ, మీరేనా? మీ చెప్పుల సప్పుడు మారిపోనాది. కాళ్ళీడుస్తన్నారేటీ" అంది. రమణకుమారి గదిలోకి వెళ్ళి కూర్చుంది. ఆ పిల్లల్ని కళ్ళు మూసుకోమని కాపలా కాస్తున్నది తానేనని అప్పుడు బాగా తగిలింది.

మర్నాడు ఆమె తన ఇంట్లోని వేరుశనగ నూనె డబ్బా తెచ్చి తవిటమ్మ ముందు పెట్టింది. గుడ్లు పచ్చసొనతోనే పెట్టమంది. పెరట్లో మునగాకు ఉంది, కోసి నూనెలో వేయించి పప్పులో కలపమంది. తవిటమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, మూకుడు పొయ్యి మీద పెట్టింది. చాన్నాళ్ళకు ఆ వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి. పిల్లలు పుస్తకాలు వదిలేసి వంటింటి గుమ్మంలో గుమిగూడారు. రెండు వారాలు అలా బాగానే గడిచింది.

కానీ తాలింపు వాసన గోడ దూకి రోడ్డు మీదికి వెళుతుంది కదా. ఆ రోడ్డు మీద తిరగడానికి కొవ్వు నిఘా బృందం ఒకటి ఉంది. వాళ్ళు వచ్చి గరిటెలను తెల్ల కాగితంతో తుడిచి, జిడ్డు మరకను ఎండకు పట్టి చూశారు. మూకుడు అడుగున రెండు మాడిన ఆవాలను సాక్ష్యంగా కవర్లో వేసి సీలు వేశారు. నూనె డబ్బాను స్వాధీనం చేసుకున్నారు. ‘ప్రభుత్వ ఆవరణయందు బుద్ధిపూర్వకముగా పోపు వేసినందులకు’ సంజాయిషీ ఇమ్మని ఆమెకు మెమో ఇచ్చారు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదన్నారు. రమణకుమారికి వెనకా ముందూ ఆదుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఉద్యోగమే ఆధారం. క్షమాపణ రాసిచ్చింది. పచ్చసొనలు మళ్ళీ కుక్కలకే వెళ్ళాయి.

మాఘంలో హాస్టల్లో తట్టు వచ్చింది. మిగతా పిల్లలకు జ్వరం వచ్చి తగ్గింది. సన్నమ్మకు తగ్గలేదు. ఒంటి మీది దద్దు తగ్గుముఖం పడుతున్న సమయంలో కళ్ళు తెరవలేకపోయింది. వెలుతురు చూస్తే సూదులతో పొడిచినట్టుందని దుప్పటి కప్పుకుంది. అప్పలసూరి వచ్చి రెప్ప ఎత్తి చూశాడు. ఎడమ నల్లగుడ్డు పాలిపోయి మెత్తబడింది. అప్పుడు ఆయనకు భయం పోయిందో, ఇంకో భయం పట్టుకుందో గాని, అక్కడికక్కడే పక్క జిల్లా గిడ్డంగికి ఫోన్ చేసి మందు అడిగాడు. మీ జిల్లాలో ఆ జబ్బు లేదు కదండీ, లేని జబ్బుకు మందు ఇస్తే మాకు ఆడిట్ అభ్యంతరం వస్తుందని అవతలివాళ్ళు మర్యాదగా చెప్పారు.

రమణకుమారి ఇంకెవరినీ అడగలేదు. పిల్లను దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కి పట్నం వెళ్ళింది. దారి పొడవునా సన్నమ్మ తల ఆమె ఒళ్ళోనే ఉంది. ఎండ ఎటు నుంచి పడితే అటు పైట అడ్డం పెడుతూ కూర్చుంది. ఘాట్ మలుపుల దగ్గర పిల్ల, "ఇప్పుడు సీకటా, ఎలుతురా అమ్మగోరూ" అని అడిగేది. ఆమె చెప్పేది.

కంటి ఆస్పత్రిలో వెంటనే మందు వేశారు. ఆ మందు ఏ మూలన పడితే ఆ మూలన దొరికేదేనని, నోట్లో రెండు చుక్కలు పోసే పని అని, దీనికోసం ఇంతదూరం ఎందుకు తెచ్చారని అక్కడి డాక్టరమ్మ కోపంగా అడిగింది. రమణకుమారి జవాబు చెప్పింది. డాక్టరమ్మ నమ్మలేదు. ఆ తర్వాత నమ్మి, అటు తిరిగి పని చేసుకుంది. కుడి కన్ను దక్కింది. ఎడమది దక్కలేదు.

కొద్దిరోజుల తర్వాత, ఒక సాయంత్రం, కట్టు కట్టిన ఎడమ కన్నుతో సన్నమ్మ ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. దీపాలు ఇంకా వేయలేదు. మెట్ల మీంచి ఎవరో పెద్దమనిషి గోడ తడుముకుంటూ వస్తున్నాడు. ఒక కాలు ముందుకు పెట్టి, నేల ఉందో లేదో చూసుకుని, రెండో కాలు వేస్తున్నాడు. ఆ నడక సన్నమ్మకు బాగా తెలిసిన నడక. హాస్టల్లో అందరూ అలాగే నడిచేవాళ్ళు. మందు పడ్డాక ఆమె కుడి కంటికి మసకలో కూడా చూపు వచ్చింది. లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇలగ రండి బాబూ. అక్కడ మెట్టున్నాది. కాలెత్తండి" అంది.

ఆయన్ను తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. మందుల కోసం వెళ్ళిన రమణకుమారి తిరిగి వచ్చేసరికి సన్నమ్మ పక్కన పరాంకుశరావు గారు కూర్చుని ఉన్నారు.

ఆయన అక్కడ వేరే పేరుతో చూపించుకుంటున్నారు. పేగు తప్పించి కుట్టిన ఆపరేషన్ తర్వాత ఒంటికి కొవ్వు పట్టడం మానేసింది, దానితోపాటు వచ్చే విటమిన్ కూడా మానేసింది. పైగా ఆయన తన ఉద్యమాన్ని ఇంట్లో కూడా నిష్ఠగా పాటించారు. డాక్టర్లు వాడమన్న మాత్రలు కూడా కొవ్వులో కరిగేవని తెలిసి మానేశారు. కొన్ని నెలలుగా పొద్దు వాలితే ఆయనకు గోడకూ గుమ్మానికీ తేడా తెలియడం లేదు.

రమణకుమారి నమస్కారం పెట్టింది. గొంతు వినగానే ఆయన లేవబోయి, ఎటు లేవాలో తెలియక మళ్ళీ కూర్చున్నారు.

"మీకున్నదే మా పిల్లలకూ ఉందండీ. మీకు వేస్తున్న మందే వాళ్ళకూ పంపించండి" అంది ఆమె.

"నాకు ఆ జబ్బు ఉండుటకు అవకాశం లేదు. అది మన జిల్లాలో లేదు" అన్నారాయన.

"ఇది మన జిల్లా కాదు కదండీ."

పరాంకుశరావు గారు ఆ మాటను చాలాసేపు ఆలోచించారు. ఆమె వెటకారంగా అన్నదాన్ని ఆయన నిబంధనగా స్వీకరించారు. పట్నంలో ఉన్నంతసేపు తనకు రేచీకటి ఉండవచ్చుననీ, జిల్లా సరిహద్దు దాటి వెనక్కి వెళ్ళినప్పుడు మాత్రం దానికి మరేదైనా పేరు ఉండాలనీ అన్నారు. తన పక్కన కూర్చున్న పిల్ల ఎవరని గాని, కంటికి ఆ కట్టు ఏమిటని గాని ఆయన అడగలేదు. మసకలో ఆయనకు కట్టు కనపడలేదేమోనని రమణకుమారి మొదట అనుకుంది. కాసేపటికి దీపాలు వేశారు. అప్పుడు కూడా అడగలేదు.

ఫాల్గుణంలో కొత్త పథకం వచ్చింది. ‘సంధ్యా దృష్టి మాంద్యం’ అనే సమస్యను తొలిసారిగా గుర్తించిన జిల్లాగా వీరగిరి పేరు పత్రికల్లో వచ్చింది. హాస్టళ్ళన్నింటికీ విటమిన్ ఏ మందు పెట్టెలు దిగాయి. వాటితోపాటు పెద్ద పెద్ద డబ్బాలు కూడా దిగాయి. డబ్బాల మీద ‘పోషక వాహక ద్రవము’ అని ముద్రించి ఉంది. తవిటమ్మ మూత తీసి, వేలు ముంచి, వాసన చూసి, నూనే కదమ్మా అంది. ఆ పేరు పలకొద్దని రమణకుమారి చెప్పింది. ద్రవమును ఆవాలతో కలిపి వేడి చేయుట తప్పు కాదని ఉత్తర్వులోనే ఉంది. పచ్చసొనను ‘ద్వితీయ శ్వేతకము’ అన్న పేరుతో మళ్ళీ వడ్డించమన్నారు. కొద్దిరోజుల్లోనే పిల్లలు సాయంత్రాలు మెలకువగా ఉండి, వరండాలో పరుగులు తీయడం మొదలుపెట్టారు. రమణకుమారికి ఏ పేరైనా ఒకటే. ఏ కాగితం పెడితే ఆ కాగితం మీద సంతకం పెట్టి డబ్బాలు దించుకుంది.

ఇక మిగిలింది బహుమతి. జబ్బును పూర్తిగా రూపుమాపిన జిల్లాకు రాష్ట్ర స్థాయిలో ఇచ్చే బంగారు జ్ఞాపిక కోసం వీరగిరి పేరు వెళ్ళింది. పరిశీలక సంఘం గుమ్మగూడకు వచ్చింది. అప్పటికి ఎవరో సన్నమ్మ సంగతి పైకి రాశారు. ఆ ఒక్క పిల్ల వల్ల లెక్క సున్నా నుంచి ఒకటికి పెరుగుతుందేమోనని సంఘం అధ్యక్షుడికి సందేహం. పరాంకుశరావు గారు ఆయన పక్కనే కూర్చుని, ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించగోరుతున్నామన్నారు. సన్నమ్మను పిలిపించారు.

రాత్రిపూట చూపు ఎలా ఉంటుందని అధ్యక్షుడు అడిగాడు.

"ఈ కంటికి రాత్రీ పగులూ అగుపడతాదండి" అంది సన్నమ్మ కుడి కన్ను చూపిస్తూ. "ఈ కంటికి రాత్రీ నేదు, పగులూ నేదు."

"అంటే, ఏ కంటికైనా సరే, పగటికీ రాత్రికీ మధ్య తేడా ఏమీ లేదన్నమాట."

సన్నమ్మ ఆలోచించింది. "నేదండి" అంది.

అధ్యక్షుడి మొహం విప్పారింది. పగలు కనిపించి రాత్రి కనిపించకపోవుటయే రేచీకటి. రాత్రింబవళ్ళు సమానముగా కనిపించని కన్ను రేచీకటి నిర్వచనము నుండి పూర్తిగా విముక్తమైనదని గుమాస్తాకు చెప్పి రాయించాడు. ఎడమ కన్ను దివ్యాంగుల శాఖకు చెందుతుంది, వాళ్ళకు ప్రత్యేకంగా పథకాలున్నాయి, బదలాయించండి అన్నాడు. లెక్క సున్నాగానే ఉంది. కింద వార్డెన్ ధ్రువీకరణ కావాలని కాగితం రమణకుమారి ముందుకు జరిపారు.

అన్నాళ్ళుగా ఏ కాగితం మీదనైనా సంతకం పెడుతూ వచ్చిన రమణకుమారి ఆ కాగితం చదివింది. కలం తీసి, ‘మందు ఆపివేయుట వలన ఎడమ కన్ను పోయినది’ అని ఒక్క వాక్యం కలిపితే పెడతానంది. కారణాలకు అందులో చోటు లేదన్నారు. వెనక వైపు ఖాళీగా ఉంది కదా అంది. వెనక వైపు రాయుట నిబంధనలకు విరుద్ధమన్నారు.

"అయితే నా సంతకం కూడా విరుద్ధమేనండి" అని ఆమె కలానికి మూత పెట్టేసింది.

పరాంకుశరావు గారు చాలా నొచ్చుకున్నారు. జిల్లాకు ఇంత గౌరవం దక్కబోయే సమయంలో ఒక కన్ను గురించి ఇంత పట్టుదల తగదన్నారు. ఆమెను అక్కడి నుంచి ఎంతో దూరాన ఉన్న ఇంకో హాస్టల్‌కు బదిలీ చేస్తున్నట్టు ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది. ధ్రువీకరణ మీద ఆమెకు బదులు అప్పలసూరి సంతకం పెట్టాడు. జ్ఞాపిక తర్వాతి నెలలో వచ్చింది. రమణకుమారి కొత్త చోటికి వెళ్ళిన మొదటి రోజే అక్కడి వంటింట్లోకి వెళ్ళి నూనె డబ్బా ఎక్కడుందని అడిగిందని, అది చూసి అక్కడివాళ్ళు ఈమెకు కాస్త తిక్క ఉందనుకున్నారని తవిటమ్మకు తర్వాత తెలిసింది.

సంఘం వచ్చిన ఆ రోజు మాత్రం, ఉత్తర్వులూ సంతకాలూ అయ్యేదాకా సన్నమ్మ బల్ల ముందు అలాగే నిలబడి ఉంది. ఆమెను పంపించవచ్చని చాలాసేపటికి గాని ఎవరికీ గుర్తు రాలేదు. ఇక వెళ్ళమ్మా అని అధ్యక్షుడు అన్నాడు. ఆమె వెనక్కి తిరిగింది. తలుపు ఎడమ చేతి వైపు ఉంది. సన్నమ్మ తల మొత్తం ఎడమకు తిప్పి, కుడి కంటితో గుమ్మాన్ని వెతికి పట్టుకుని, ఒక చెయ్యి చాచి ద్వారబంధాన్ని తాకి చూసుకుని, బయటికి అడుగు పెట్టింది. లోపల కాఫీలు వచ్చాయి.